చవక ట్రాన్స్‌మిటర్ వెనక పెద్ద కథ

ఆర్‌సీ కారుకి తక్కువ బడ్జెట్‌లో ఏ ట్రాన్స్‌మిటర్ కొనాలి? ముందు కొంచెం చరిత్ర చెప్తాను, జవాబు అందులోనే ఉంది.

1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లో ఒక చిన్న పడవని తీగ లేకుండా నడిపి చూపించాడు. తర్వాత ఈ విద్య బొమ్మ కార్లలోకి వచ్చింది. 27 మెగాహెర్ట్జ్ రోజుల్లో ఫ్రీక్వెన్సీని క్రిస్టల్ నిర్ణయించేది. ఇద్దరి దగ్గరా ఒకే క్రిస్టల్ ఉందా, ఇక అంతే! మీరు బ్రేక్ వేసినా, పక్కవాడి సిగ్నల్ మీ కారుని గోడకి కొట్టించేది. అందుకే రేసుకి ముందు "నీది ఏ క్రిస్టల్?" అని అడిగి మార్చుకునేవాళ్లు.

2000ల్లో 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాయి. ఒకసారి బైండ్ చేస్తే రిసీవర్ తన ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది. ఫ్లైస్కై లాంటి కంపెనీలు దీన్ని చవక సెట్లలోకీ తెచ్చేశాయి.

అంటే అప్పటి పెద్ద సమస్య ఇప్పుడు తక్కువ ధరలోనే తీరిపోయింది. అందుకే నేను చూసేవి మూడే. ఒకటి, ఫెయిల్‌సేఫ్: సిగ్నల్ పోతే కారు ఆగాలి, లేదంటే ఎవరి కాలికైనా తగలొచ్చు. రెండు, విడి రిసీవర్ ధర, ఎందుకంటే ఒక కంపెనీది మామూలుగా ఇంకో కంపెనీ సెట్‌తో కలవదు. మూడు, మోడల్ మెమరీ: రెండో కారుకి కొత్త సెట్ కొనక్కర్లేదు.

పాత క్రిస్టల్ సెట్ ఎంత చవగ్గా దొరికినా, నేనైతే కొనను.