గాలిమర ఇరుసులోని మెలిక: కాంతితో కొలిచిన చరిత్ర

అనంతపురపు మెట్టభూమికి నైరుతి ఋతుపవనములు వచ్చునుగాని వాన తెచ్చుట తక్కువ. మేఘములలోని తేమను పడమటి కనుమలు చాలవరకు గ్రహింపగా, పొడిగాలి ఇచటికి చేరును. వేరుశనగ పైరుకు కొరగాని ఈ గాలి 1990వ దశకములో వేరొక పనికి వచ్చెను. నాటి అనంతపురము జిల్లాలోని రామగిరి గుట్టలపై విద్యుత్తును పుట్టించు గాలిమరలు వెలసెను.

గాలిమర రెక్కల శక్తి ఒక ఉక్కు ఇరుసు గుండా పోవును. ఒక కొనను రెక్కలు త్రిప్పగా, రెండవ కొనను యంత్రభారము ఆపజూచును. తడిబట్టను పిండినట్లు ఇరుసు మెలిపడును. ఈ మెలిక కంటికి కానరాదు. కాని గాలి విసురునుబట్టి మాటిమాటికి మారుచు లోహమును అలయజేయును, పళ్లచక్రములను దెబ్బతీయును. తిరుగుచున్న ఇరుసుపై దానిని కొలుచుట యెట్లు?

మెలికోణము మెలిత్రిప్పు బలమునకు అనుపాతములో నుండునని సన్నని తీగెలపై ప్రయోగములు చేసి 1784లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూలుంబు చూపెను. తరువాత ఆవిరి టర్బైనులు ఓడలను నడుపసాగెను. వాని సామర్థ్యమును పాత ఇంజనులలోవలె సిలిండరులో కొలుచుటకు వీలులేదు. అందుచే 20వ శతాబ్దారంభమున ఇంజనీర్లు ఇరుసు మెలికనే ఆశ్రయించిరి. ఇంగ్లండులో హాప్కిన్సన్, థ్రింగ్ అనువారు ఇరుసుపై ఎడముగా బిగించిన రెండు భాగముల నడుమ చిన్న అద్దము నమర్చిరి. ఇరుసు మెలిపడగా అద్దము వంగి, కాంతిరేఖ కొలబద్దపై జరిగెడిది.

1938లో అమెరికాలో విద్యుత్ వికృతిమాపకములు రూపొందెను. అంటించిన తీగె సాగినపుడు దాని నిరోధము పెరుగును. అయితే ఆ సంకేతమును తిరుగు ఇరుసునుండి ఉంగరములు, బ్రష్షుల ద్వారా తేవలెను. జనరేటరు అయస్కాంత క్షేత్రము దానిని చెరుపవచ్చును.

1978లో కెనడాలో కెన్నెత్ హిల్, అతని సహచరులు గాజు తంతువులో వక్రీభవన గుణకము క్రమముగా హెచ్చుతగ్గులగు జాలకమును లేజరు కాంతితో ఏర్పరచిరి. దానిని ప్రక్కనుండి అతినీలలోహిత కాంతితో వ్రాయు పద్ధతిని 1989లో మెల్ట్జ్ బృందము వెల్లడించెను. ఇట్టి జాలకము ఒక నిర్ణీత తరంగదైర్ఘ్యమునే వెనుకకు పంపును. 1550 నానోమీటర్ల కాంతియందు, తంతువు పదిలక్షలలో ఒక వంతు సాగినచో ఆ తరంగదైర్ఘ్యము సుమారు 1.2 పికోమీటర్లు పెరుగును.

మెలిపడిన ఇరుసుపై 45 డిగ్రీల ఏటవాలున ఒక దిక్కు సాగును, దానికి అడ్డదిక్కు కుదియును. రెండు దిక్కులందును జాలకములను అంటించి భేదమును చూతురు. వేడిమి 1 డిగ్రీ సెల్సియస్ పెరిగినను సుమారు 10 పికోమీటర్ల మార్పు కలుగును. కాని రెండింటను అది సమానమగుటచే భేదములో పోవును, మెలిక ఫలితము రెట్టింపై నిలుచును. మండు వేసవుల సీమలో ఇది చిన్న లాభము కాదు. కాంతి ఇరుసు కొనయందలి తిరుగు కీలు ద్వారా వచ్చిపోవును. గాజు విద్యుద్వాహకము కాదు గనుక జనరేటరు దాని జోలికి రాజాలదు.

ఏ విసురుకు ఇరుసు ఎంత మెలిపడెనో తెలిసినచో, అది విరుగకమునుపే మరను ఆపి బాగుచేయవచ్చును.