డిస్కు మీద ఆయిల్ చుక్క

వాన ఆగేలా లేదు. వైపర్లు నీళ్లు తోస్తున్నాయి గానీ అద్దం తేటపడటం లేదు. ఇంగ్లండ్‌లో బాన్‌బరీ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లే దారిలో సన్‌రైజింగ్ హిల్ అని ఏటవాలు దిగుడు ఒకటుంది. 1967 నాటి జాగ్వార్ ఈ-టైప్ ఆ మలుపులోకి దిగింది. ఆమె బ్రేకు తొక్కింది. కారు ముక్కు వంగింది. వేగం మాత్రం తగ్గాల్సినంత తగ్గలేదు. ఇంకా గట్టిగా తొక్కింది. అప్పుడొచ్చింది వాసన. వెనకనుంచి, మాడిన గంధకం వాసన.

దిగువకు వచ్చాక రోడ్డు పక్కన ఆపింది. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా పైకి లాగి, కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా వానలోకి దిగి, వంగి చూస్తే వెనక చక్రాల మధ్యనుంచి సన్నగా పొగ లేస్తోంది. ఆ పొగ ఎక్కణ్ణుంచో చూద్దామని ఇంకాస్త వంగేలోపే ఆమె చెయ్యి ఆనించిన తలుపు మెల్లగా ముందుకు జరిగింది. కారు కదులుతోంది.

లోపలికి దూకి పెడల్ తొక్కితే ఆగింది. ముందు చక్రాల బ్రేకులు బాగున్నాయి కాబట్టి ఆగింది. మర్నాడు కారును లారీ మీద కావెంట్రీకి చేర్చారు, తాతయ్య గ్యారేజీకి. ఆయన బ్రౌన్స్ లేన్‌లోని జాగ్వార్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. బానెట్ ఎత్తలేదు. ఇంజన్ వైపు చూడలేదు. అట్టముక్క పరుచుకుని, టార్చి పట్టుకుని, కారు వెనక కిందికి దూరాడు. కాసేపటికి చూపుడువేలు బయటికి చాపాడు. నల్లగా మెరుస్తోంది.

"గేర్ ఆయిల్. ఎన్నాళ్లనుంచి కారుతోంది?"

"నేల మీద చుక్క కూడా చూళ్లేదు తాతయ్యా."

"నేల మీద పడితే బతికిపోయేదానివి. ఇది డిస్కు మీద పడింది. రెండు పక్కలా."

1961 మార్చిలో జెనీవా షోలో ఈ-టైప్‌ను చూసి జనం ఎగబడ్డారు. ఆ పొడవాటి బానెట్ అందరికీ కనిపించింది. బాబ్ నైట్ రూపకల్పన చేసిన వెనక సస్పెన్షన్ ఎవరికీ కనిపించలేదు. చక్రాల దగ్గర బరువు తగ్గాలని వెనక బ్రేకు డిస్కుల్ని అక్కణ్ణుంచి తీసి, మధ్యలో ఉన్న డిఫరెన్షియల్‌కు చెరో పక్కన బిగించారు. కారు పరుగుకి అది వరం. ఆయిల్ సీళ్లకు మాత్రం కాదు. బ్రేకు వేసిన ప్రతిసారీ డిస్కు వేడి పక్కనే ఉన్న సీల్‌ను కాలుస్తుంది. సీల్ ఓడితే ఆయిల్ నేరుగా డిస్కు మీదికే చిమ్ముతుంది. హ్యాండ్‌బ్రేక్ ప్యాడ్లు పట్టుకునేదీ ఆ డిస్కునే. రాత్రి కొండ దిగువన జరిగింది అదే.

"సీల్ మార్చేద్దాం" అంది ఆమె.

ఆయన లేచి చేతులు తుడుచుకున్నాడు. "దాని దగ్గరికి చెయ్యి పోవాలిగా. మొత్తం దించాలి."

దించారు. సైలెన్సర్ పైపులు ఊడదీసి, ప్రొపెల్లర్ షాఫ్టు విడదీసి, బ్రేకు గొట్టం మూతి మూసి, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తప్పించి, రేడియస్ ఆర్మ్‌లను బాడీ నుంచి వేరుచేసి, రబ్బరు మౌంట్ల బోల్టులు ఒక్కొక్కటే విప్పుతూ, కింద జాకీ మీద ఆ ఇనుప పంజరం బరువంతా ఆనేదాకా ఊపిరి బిగబట్టి చూస్తే, డిఫరెన్షియల్, డిస్కులు, స్ప్రింగులు అన్నీ కలిసి ఒకే ముద్దగా కిందికొచ్చాయి. పైన కారు స్టాండ్ల మీద ఒకసారి కిర్రుమంది. ఇద్దరూ కదల్లేదు.

నిలబడింది.

కాలిపర్ బోల్టులకు చుట్టిన లాక్‌వైరు కత్తిరించారు. డిస్కుకీ యాక్సిల్ షాఫ్టుకీ మధ్య ఉన్న పలచటి షిమ్‌లను ఆయన ఏ పక్కవి ఆ పక్కనే తీగకు గుచ్చి కట్టించాడు. అవి అటూ ఇటూ మారితే చక్రం వాలు మారిపోతుంది. బేరింగు హౌసింగ్‌ను బల్ల మీదికి తెచ్చారు. పాత సీల్ అంచును ఆమె గోటితో తాకింది. అప్పడంలా విరిగింది. కొత్తది వైటాన్ సీల్, వేడికి బాగా ఓర్చుకునే రకం. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఆగు. షాఫ్టు మీద గోరు పెట్టి అటూ ఇటూ లాగు."

లాగింది. గోరు ఒకచోట తట్టుకుంది. పాత సీల్ ఏళ్ల తరబడి ఒరుసుకుని ఉక్కులోనే గాడి పెట్టింది. ఎంత కొత్త సీల్ వేసినా ఆయిల్ ఆ గాడిలోంచి దారి చూసుకుంటుంది. పలచటి స్టీలు స్లీవ్ తెప్పించి గాడి మీద ఎక్కించారు. గోరు ఈసారి నున్నగా జారింది. అయినా ముసలాయన మొహంలో తృప్తి లేదు.

"రెండు సీళ్లూ ఒకేసారి ఎందుకు పోయాయంటావ్?"

సీల్ మార్చి చేతులు దులుపుకునేవాళ్లు ఈ ప్రశ్న వేసుకోరు. అందుకే ఇలాంటి కార్లు మళ్లీ కారతాయి. ఆయన డిఫరెన్షియల్ మీద ఉన్న బ్రీదర్ ఊడదీసి నోట్లో పెట్టుకుని ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి. గాలి పోలేదు. రోడ్డు మట్టి, పాత పెయింటు కలిసి దాన్ని పూర్తిగా పూడ్చేశాయి. లోపల వేడెక్కిన గాలికి బయటికి దారి లేక, ఆయిల్‌ను సీళ్ల మీదికి తోస్తూ వచ్చింది.

బ్రీదర్ శుభ్రమైంది. మిగిలింది ఒక్క నట్టు. దాని వెనక బేరింగుల మధ్య నలిగే స్పేసర్ ఉంటుంది. నట్టు బిగించే కొద్దీ అది నలుగుతుంది. తక్కువైతే షాఫ్టు ఊగుతుంది. ఎక్కువైతే వెనక్కి తిప్పినా ప్రయోజనం లేదు, కొత్త స్పేసర్ వేసి మొదటినుంచి చెయ్యాలి. ఫ్లాంజ్‌ను వైస్‌లో బిగించారు. ఆమె పొడవాటి పానా పట్టుకుంది. ఆయన హౌసింగ్‌కు దారం చుట్టి, చివర స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగాడు.

"వదులు. ఇంకొంచెం."

పానా వెంట్రుకవాసి కదిలింది. దారం లాగాడు.

"ఇంకొంచెం."

ఆమె మణికట్టు వణికింది. బయట వాన రేకుల మీద దంచుతోంది. పానా కదిలింది. త్రాసు ముల్లు ఎగిరి నిలబడింది.

"చాలు! చెయ్యి తియ్యి!"

రెండో పక్క కూడా అంతే. ఆయిల్ తాగిన ప్యాడ్లన్నీ, హ్యాండ్‌బ్రేక్‌వి సహా, చెత్తబుట్టలోకి పోయాయి, వాటి చోట కొత్తవి వచ్చాయి. డిస్కులు బ్రేక్ క్లీనర్‌తో కడిగారు. పంజరం తిరిగి పైకెక్కింది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌కు సరిపడే ఆయిల్‌ను నింపే రంధ్రం అంచుదాకా పోశారు. బ్రేకుల్లో గాలి తీశారు. ఊరిబయట రోడ్డు మీద డిస్కులు వేడెక్కేదాకా నడిపి తెచ్చి, ఆమె తెల్ల కాగితం పట్టుకుని కిందికి దూరింది. కుడి పక్క తుడిచింది. తెలుపు. ఎడమ పక్క తుడిచింది.

గోధుమరంగు మరక.

ఆయన కాగితం లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

"గంధకం వాసన లేదు. సీల్ అంచుకు మనం పూసిన గ్రీజే కరిగింది. శుభ్రంగా తుడిచి ఇంకోసారి తిప్పి తీసుకురా. ఈసారి నేనే చూస్తా."

ఆమె మరక తుడిచి, చేతులు కడుక్కుని, మళ్లీ తాళం తిప్పింది.