చదరంగపు బలమునకు కొలత

పలాస జీడిపప్పు అంగళ్లకు పోయినవారికి ఒక సంగతి తెలియును. అచటి గుండ్లకు 180, 210, 240, 320 అను అంకెలుండును. ఒక పౌను బరువునకు ఇంచుమించు ఎన్ని గుండ్లు తూగునో ఆ అంకె చెప్పును. అంకె పెరిగిన కొలది పలుకు చిన్నది. అది పలుకు పరిమాణమును చెప్పగలదు గాని, రుచిని చెప్పలేదు. ఆ పిక్క కాసిన ఉద్దానపు తోట ఎట్టిదో చెప్పలేదు. వ్యాపారమునకు ఆ మాత్రము చాలును. కాని పప్పు గుణమంతయు ఆ అంకెలోనే యున్నదని భ్రమించువాడు పొరబడును.

చదరంగము ఆడువారికిని నేడిట్టి అంకె యొకటి కలదు. దానిని రేటింగు అందురు. టెక్కలి నుండి ఒక బాలుడు నగరమునకు పోయి పోటీలో ఆడి వచ్చెననుకొందము. గడపలో కాలుపెట్టగనే ఇంటివారడుగు మొదటి ప్రశ్న, "రేటింగెంతొచ్చిందిరా?" అని. అంకె తగ్గినచో వాని ముఖము చిన్నబోవును. రెండు మూడు మారులు తగ్గినచో చదరంగపు పలక అటక యెక్కును. ఈ యంకె ఎట్లు పుట్టినదో, ఏమి చెప్పునో, ఏమి చెప్పజాలదో ఇంటిల్లిపాది తెలిసికొన్నచో ఆ పలక అటక యెక్కదని మా నమ్మకము.

అంకె పుట్టక పూర్వము బలాబలములు తెలియు మార్గము లేకపోలేదు. ఇరువురు అరుగుమీద కూర్చున్నప్పుడు బలవంతుడు తన ఏనుగునో గుఱ్ఱమునో తీసి ప్రక్కన బెట్టి ఆడుట పెద్దలెరిగినదే. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా చదరంగ సంఘములలోను ఇట్టి పద్ధతియే యుండెను. "అతడు నాకు గుఱ్ఱమునిచ్చి ఆడును" అన్నచో, అదియే ఆ కాలపు రేటింగు. దూరపు ఊళ్లవారు ఉత్తరముల మీద ఆడి బలము తేల్చుకొనెడివారు. 1829లో మద్రాసు, హైదరాబాదు నగరముల నడుమ అట్లు జరిగిన పోటీలో మద్రాసు గెలిచెను. ఆ పక్షమున పేరెన్నికగన్నవాడు గులాం కాసిం. అంతకు పూర్వమే, 1814లో, తిరుపతి వాస్తవ్యుడైన తిరువెంగడాచార్య శాస్త్రి సంస్కృత చదరంగ గ్రంథము 'విలాసమణిమంజరి' ఆంగ్లానువాదముగా బొంబాయిలో అచ్చయినది. నేర్చుకొనువాని అభివృద్ధికై పలకమీది చిక్కు స్థితులను కూర్చిన గ్రంథమది. దాని ప్రసక్తి మరల వచ్చును.

మీర్ సుల్తాన్ ఖాన్ 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేతయైనప్పుడు కూడ అతని పేరు ప్రక్కన ఏ అంకెయు లేదు. గెలుపే అతని కొలత.

అయితే పోటీలు పెరిగి, వేలమంది ఆటగాండ్రు వచ్చినప్పుడు ఎవరిని ఎవరితో ఆడింపవలెనను చిక్కు పుట్టినది. జర్మనీలో 1948లో ఒక పద్ధతి, అమెరికాలో 1950లో మరియొక పద్ధతి బయలుదేరినవి. వీనిని మించిన పద్ధతిని కూర్చినవాడు ఆర్పాద్ ఎలో. ఆయన 1903లో హంగరీలో జన్మించి, బాల్యముననే అమెరికా చేరి, మిల్వాకీ నగరమున మార్క్వెట్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించెను. విస్కాన్సిన్ రాష్ట్రపు చదరంగ విజేతగా ఎనిమిది మారులు నిలిచెను. ఆయన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లోను, ప్రపంచ సమాఖ్యయైన ఫిడే 1970లోను స్వీకరించినవి.

ఎలో భావము సులభమైనది. ఏ ఆటగాడును ప్రతిదినము ఒకే తీరున ఆడడు. కాని అనేకమైన ఆటలు చూచినచో సగటు బలమొకటి తేలును. ఇరువురి అంకెల నడుమ నున్న భేదమే వారి ఫలితమును ముందుగా ఊహించును. భేదము లేనిచో చెరి సగము. 200 ఉన్నచో బలవంతునికి నూటికి 76 పాళ్లు, బలహీనునికి 24 పాళ్లు. ఊహించినదానికంటె ఎక్కువ సాధించినవాని అంకె పెరుగును, తక్కువ సాధించినవానిది తగ్గును. అనగా రేటింగు బుద్ధికి కొలత కాదు. గడచిన ఫలితములనుబట్టి రాబోవు ఫలితమును గూర్చి వేసిన అంచనా. తన పద్ధతిని గూర్చి ఎలోయే చమత్కారముగా ఒక పోలిక చెప్పెను: నీటిపై ఎగసిపడు బెండును, గాలికి ఊగు త్రాటికి కట్టిన కొలబద్దతో కొలుచుట వంటిదట అది. భావనపాడు తీరమున వలలకు కట్టిన బెండ్లను చూచినవారికి ఈ పోలిక వేరుగ వివరింపనక్కరలేదు.

దీనికి దృష్టాంతము ఇటీవలనే జరిగినది. పిల్లలనేకులు తక్కువ అంకెలతో ప్రవేశించి, అంకెకు మించిన బలముతో ఆడుచుండుటచే, దిగువ రేటింగులు బలమును సరిగా సూచింపకుండెను. అందుచే ఫిడే 2024 మార్చి 1న 2000కు లోబడిన వారందరి అంకెలను సవరించెను. 2000కు ఎంత కొరత యున్నదో దానిలో నూటికి 40 వంతులు కలిపిరి. 1000 గలవాడు 1400, 1500 గలవాడు 1700 అయ్యెను. ఆ రాత్రి ఎవరును ఒక మంచి ఎత్తు అదనముగా నేర్వలేదు. ఒక్క దినమున అంకె 200 పెరిగినను ఆటగాడు మారనప్పుడు, ఒక పోటీలో 40 తగ్గినంతమాత్రమున బాలుడు చెడిపోయెనని ఎట్లు చెప్పుదుము?

పెద్ద ఆటగాండ్ర విషయమును ఇట్లే. గుడివాడలో జన్మించి, 2002లో గ్రాండ్‌మాస్టరైన కోనేరు హంపి అత్యధిక రేటింగు 2623. అది 2009 జూలై నాటిది. కాని ఆమె ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచినది 2019లోను, మరల 2024లోను. నడుమ తల్లియై కొంతకాలము ఆటకు దూరముగా నుండెను కూడ. అంకె శిఖరము దాటిన పది, పదునైదు ఏండ్లకు ఆ కిరీటములు వచ్చినవి. ఓరుగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు పట్టికలో 2801కి చేరెను. భారతీయులలో అంతకు పూర్వము 2800 దాటినవాడు విశ్వనాథన్ ఆనంద్ ఒక్కడే. అంకెను కాపాడుకొనుటకై ఇంట కూర్చున్నవాడు అచటికి చేరడు.

ఇక సామాన్యుడు బలపడుట ఎట్లు? మొదటిది, ఓడుటకు జంకక తనకంటె బలవంతులతో ఆడవలెను. పదునెనిమిదేండ్ల లోపువాడు 1500 రేటింగుతో 1700 వానితో ఆడినచో, ఓటమివలన పోవునది పదిలోపే; గెలిచినచో వచ్చునది 30; సరిసమానమైనను 10 వచ్చును. లెక్కయే ధైర్యము చెప్పుచున్నది.

రెండవది, ఎత్తులన్నిటిని వ్రాసికొని, ఓడిన ఆటను ఆ రాత్రియే మరల పలకపై పేర్చవలెను. తొలి తప్పు ఎచట జరిగినదో, అప్పుడు మనసున ఏమి తలచితిమో స్వంతమాటలలో వ్రాయవలెను. కంప్యూటరును అడుగుట ఆ తరువాతనే. ముందే అడిగినచో జవాబు దొరకును గాని, తప్పు పుట్టిన చోటు దొరకదు.

మూడవది, ప్రారంభపు ఎత్తులను వల్లించుటకు ముందు, రాజు, బంట్లు మాత్రమే మిగిలిన చివరి ఆటను నేర్వవలెను. పావులు కొద్దియైనప్పుడే ఒక్కొక్క ఎత్తు విలువ తెలియును.

నాలుగవది, దినమునకు నాలుగైదు చిక్కు స్థితులను పావు కదపక మనసులోనే విప్పవలెను. రెండు శతాబ్దముల క్రిందట తిరువెంగడాచార్యుడు శిష్యులకై కూర్చినది ఇదియే. నేడు పుస్తకము పోయి తెర వచ్చినది, సాధన మారలేదు. ఫోనులో క్షణములలో ముగియు ఆటలు వంద ఆడుటకంటె, నిదానముగా ఒక ఆట ఆడి పరిశీలించుట మేలు. ఫోనులో కనబడు రేటింగు వేరు, ఫిడే రేటింగు వేరు. ఏ గుంపులో ఆడినచో ఆ గుంపులోని వారితోనే పోలిక.

టెక్కలి బాలుడు మరల పోటీకి పోయి వచ్చినప్పుడు ఇంటివారు పలక దింపి, పావులు పేర్చి, "ఏ ఎత్తు దగ్గర తప్పిందిరా, చూపించు" అని అడుగుదురు గాక. ఆట తెలియని తల్లియైనను ఈ ప్రశ్న అడుగవచ్చును. జవాబు చెప్పుటకై బాలుడు ఆ ఆటను మరల ఒక మారు ఆలోచించును.