జేబు లేని చీర - కొండెక్కిన పాట

"అమ్మా! రేపు ఆదివారం తెల్లవారుజామునే ఖాజాగూడ గుట్ట ఎక్కుదామే. పాటలు వింటూ ఎక్కితే ఆయాసం తెలీదు" అంది మా అమ్మాయి.

హైటెక్ సిటీలో ఉద్యోగం దానిది. అయిదు రోజులు అద్దాల మేడలో కుర్చీకి అతుక్కుపోయి కూర్చుంటే, ఆరో నాటికి గాని తనకి కాళ్ళున్న సంగతి గుర్తుకు రాదు కాబోలు. సరే వెళ్దామన్నాను. అన్నాక వచ్చింది అసలు చిక్కు. ఫోను ఎక్కడ పెట్టుకోవడం? చేత్తో పట్టుకుంటే బండ ఎక్కేటప్పుడు ఆసరాకి చెయ్యి ఉండదు. బొడ్లో దోపుకుంటే వంగినప్పుడల్లా జారుతుంది. భుజానికి బ్యాగు తగిలించుకుంటే అది ఊగి ఊగి నన్నే పడదోసేలా ఉంది. మా అమ్మాయి వేసుకునే కుర్తాలకైనా జేబులున్నాయా అంటే అవీ లేవు. మా అల్లుడు మాత్రం చొక్కా తొడుక్కుని, ఫోను జేబులో పడేసి, "నేను రెడీ అత్తయ్యగారూ" అన్నాడు నిక్షేపంలా.

అప్పుడు తట్టింది నాకు. మనిషి వెంట నడిచే పాటకి యంత్రం ఎంత ముఖ్యమో, దాన్ని పెట్టుకునే చోటూ అంతే ముఖ్యం. యంత్రం సంగతి ఇంజనీర్లు చూసుకున్నారు. ఆ చోటు సంగతి మాత్రం ఎప్పుడూ సూదీ దారం చేతబట్టిన వాళ్ళ మీదే పడింది. నమ్మరా? అయితే వినండి.

పూర్వం ఈ బాధ లేదు. పాట కావాలంటే పాడే మనిషే నడిచి వచ్చేవాడు. అతని చేతిలో తంబురా ఉండేది. దాని అడుగున గుండ్రంగా ఉండేదేమిటి? చాలావాటికి ఎండిన ఆనపకాయ బుర్రే. పాదు మీద ముదరనిచ్చి, కోసి, లోపలి గుజ్జూ గింజలూ తీసి ఎండబెడితే అది ఖాళీ సంచీ అంత తేలిక. తీగె మీద వేలు పడితే వచ్చే సన్నటి మోతని ఆ ఖాళీ బుర్ర పెద్దది చేసి వినిపిస్తుంది. ఊరూరా తిరిగేవాళ్ళు బరువు మొయ్యలేరు గదా! పెరట్లో కాసిన కాయతోనే సరిపెట్టుకున్నారు. బుర్రకథకి పేరులోనే బుర్ర ఉందాయె. తిరుమల కొండ కాలినడకన ఎక్కే భజన బృందాలని చూడండి. మూడున్నర వేల పైచిలుకు మెట్లు. చేతుల్లో తాళాలూ, చిడతలూ. అంతకన్న తేలికైన సరంజామా ఈనాటికీ ఎవరూ కనిపెట్టలేదు. పైగా అక్కడ పాడేవాళ్ళూ వినేవాళ్ళూ వేరు కాదు. ఒకరు అందుకుంటే పదిమంది పలుకుతారు.

ఎక్కడో పాడుతున్న పాటని గాలిలోంచి పట్టుకోవడం మొదలయ్యాకే ఈ తతంగమంతా వచ్చింది. ఇందులో మన దేశపు చెయ్యి ఉందని చాలామందికి తెలీదు. కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసుగారు రేడియో తరంగాలని కనిపెట్టడానికి గలీనా అనే రాతిని వాడారు. గలీనా అంటే సీసం ముడి ఖనిజం, మన పల్నాటి అగ్నిగుండాలలో దొరికేదే. 1901లో అర్జీ పెడితే 1904లో ఆయనకి అమెరికా పేటెంటు వచ్చింది. ఆ తర్వాత ప్రపంచమంతా ఇళ్ళల్లో కుర్రాళ్ళు చేసుకున్న క్రిస్టల్ రేడియోలకి ఇలాంటి రాతి ముక్కే ప్రాణం. ఇక ఆ రోజుల్లో రేడియోల లోపల వాడిన అభ్రకపు రేకులంటారా, మన గూడూరు గనులు అభ్రకానికి పెట్టింది పేరు. మన నేల రాళ్ళు ఎక్కడెక్కడ పాటలు మోశాయో!

మా అన్నయ్య కూడా 1960ల్లో ఒక క్రిస్టల్ రేడియో చేశాడు. అట్ట గొట్టానికి ఎనామెల్ రాగితీగె వరసగా చుట్టాడు. కోఠీ వెళ్ళి, రాతి ముక్క బదులు బియ్యపుగింజంత జెర్మేనియం డయోడ్ ఒకటీ, చెవిలో పెట్టుకునే ఫోను ఒకటీ కొనుక్కొచ్చాడు. దానికి బ్యాటరీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. గాలిలో వచ్చే తరంగం బలంతోనే పలుకుతుంది. చుట్టిన తీగె మనకి కావలసిన స్టేషన్ని ఏరుతుంది, డయోడ్ ఆ తరంగంలోంచి పాటని విడదీస్తుంది, చెవిలో ఫోను వినిపిస్తుంది. అంతే! మొత్తం కలిపినా గుప్పెడు చింతపండు బరువు లేదు.

ఒక సెలవునాడు అందరం గోలకొండ వెళితే దాన్నీ తెచ్చాడు. కానీ చిన్న పిట్టకి పొడుగాటి తోకలా దానికి బారలకొద్దీ ఏరియల్ తీగె కావాలి. ఆ తీగెని పొదల మీదుగా లాగి, ఎర్తు తీగెని తడిమట్టిలో గుచ్చితే, ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం సన్నగా, దోమ పాడినట్టు పలికింది. మా ఆనందం చెప్పతరమా! కానీ వినడానికున్నది ఒక్క ఫోను. ముందు అన్నయ్య, తర్వాత వాడి స్నేహితులు, తర్వాత తమ్ముడు, చివరికి నేను. నా చెవి దాకా వచ్చేసరికి పాట అయిపోయి మార్కెట్టు ధరలు చెబుతున్నారు! ఆ కోటలోనే, కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సారులో వినపడేట్టు కట్టారు కుతుబ్‌షాహీలు. ఏ తీగే లేకుండా అందరికీ వినిపించే ఏర్పాటు అది. మా అన్నయ్య యంత్రం ఒక్కరికే వినిపిస్తుంది, ఆ ఒక్కరూ నేను కాదు.

అప్పటికే అమెరికాలో బెల్ లేబరేటరీ వాళ్ళు 1947 డిసెంబరులో ట్రాన్సిస్టర్ కనిపెట్టి ఇరవై ఏళ్ళు కావస్తోంది. వాల్వు రేడియోలు కిలోల బరువు. వేడెక్కడానికే కాసేపు పట్టేది. ట్రాన్సిస్టర్ వచ్చి ఆ బరువుని దించేసింది. 1954లో అమెరికాలో రీజెన్సీ కంపెనీ అమ్మిన మొదటి జేబు రేడియో బరువు 340 గ్రాములే. 1957లో జపాను నుంచి సోనీ వారి చిన్న రేడియో వచ్చింది. అది 11 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల పైచిలుకు మందం. దాన్ని జేబులో పట్టే రేడియో అని చాటారు. తీరా చూస్తే మామూలు చొక్కా జేబులో పట్టదు! ఏం చేశారో తెలుసా? అమ్మకానికి తిరిగే తమ మనుషులకి కాస్త పెద్ద జేబులున్న చొక్కాలు కుట్టించారు. ఈ సంగతి ఆ కంపెనీ పెద్ద అకియో మొరీటాగారే తన ఆత్మకథలో రాసుకున్నారు.

చూశారా! ప్రపంచాన్ని జయించిన యంత్రం పరువు చివరికి ఒక దర్జీ కాపాడాడు. ఇంకో సంగతి గమనించారా? కొలత తీసింది మగవాడి చొక్కాకి. చీరకి జేబేది?

మా ఇంటికీ ట్రాన్సిస్టర్ వచ్చింది. చిల్లులున్న తోలు తొడుగు, భుజాన వేసుకునే పట్టీ. పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాలి. ఆ పుస్తకం నాన్నగారి పేర ఉండేది. (1980ల నడుమ ఆ లైసెన్సులు ఎత్తేశారు లెండి.) తోలు తొడుగు పాడయ్యాక అమ్మ ఆకుపచ్చ గుడ్డతో కొత్తది కుట్టింది. శబ్దం వచ్చేచోట జాలీ గుడ్డ, మీటలున్నచోట ఓ కిటికీ, అంచున గొలుసుకుట్టు పువ్వులు. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఇల్లాళ్ళు ఇలా రేడియోలకి చొక్కాలు కుట్టారో ఏ చరిత్రకారుడూ లెక్క రాయలేదు. నాన్నగారు దాన్ని భుజాన వేసుకుని సాయంత్రం షికారు వెళ్ళేవారు. అమ్మ మాత్రం వంటింట్లో ఉండి, హాల్లో మోగుతుంటే వినేది. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురైగారి గొంతు వినిపిస్తే చాలు, తిరగమోత ఆపి చెవి అటు వేసేది. తను కుట్టిన తొడుగులో ఉన్న రేడియోని ఆవిడ ఒక్కనాడైనా భుజాన వేసుకుని వీధిలోకి వెళ్ళినట్టు నాకు గుర్తులేదు.

రేడియో చిన్నదైంది సరే, మనకి కావలసిన పాట మనకి కావలసినప్పుడు కొండ మీద వినాలంటే? ఆ పని మొదట తలపెట్టినవాళ్ళలో ఒకాయన ఆండ్రియాస్ పావెల్. జర్మనీలో పుట్టి బ్రెజిల్‌లో పెరిగిన మనిషి. చిన్న క్యాసెట్ యంత్రం, చెవులకి హెడ్ ఫోన్లు, అన్నీ ఒంటికి తగిలించుకునే ఏర్పాటు చేసుకున్నాడు. 1972 ఫిబ్రవరిలో స్విట్జర్లాండు కొండల్లో, మంచు కురుస్తుండగా, స్నేహితురాలితో కలిసి నడుస్తూ మీట నొక్కాడట. ఇద్దరి చెవుల్లోనూ ఒకే పాట! గాలిలో తేలినట్టయిందని తర్వాత చెప్పుకున్నాడు. దానికి ఆయన పెట్టిన పేరు స్టీరియో బెల్ట్. అంటే నడుముకి పెట్టుకునే పాటల పట్టీ. మన భాషలో వడ్డాణం అనుకోండి! కంపెనీల చుట్టూ తిరిగితే, చెవులకి ఇవి తగిలించుకుని వీధుల్లో తిరిగే పిచ్చివాళ్ళెవరయ్యా అన్నారట. 1977లో ఇటలీలో పేటెంటుకి అర్జీ పెట్టాడు.

రెండేళ్ళు దాటాక, 1979 జులై 1న సోనీ వాక్‌మన్ బజారులోకి వచ్చింది. బరువు 390 గ్రాములు. అంతకుముందు హెడ్ ఫోన్లే ఇంచుమించు అంత బరువుండేవి. ఇప్పుడవి 45 గ్రాములకి దిగాయి. చెవి దగ్గర మెత్తటి స్పాంజి బిళ్ళలు. పావెల్‌కీ ఆ కంపెనీకీ ఏళ్ళ తరబడి కోర్టు వ్యవహారం నడిచి 2003లో రాజీ కుదిరింది.

ఆ వాక్‌మన్‌లో నాకు నచ్చిన విశేషం ఒకటుంది. మొరీటాగారు నమూనా ఇంటికి తీసుకెళ్ళి చెవులకి తగిలించుకుని వింటుంటే, వాళ్ళావిడకి కోపం వచ్చిందట. తనని వెలివేసినట్టు అనిపించదూ మరి! ఎదురుగా కూర్చుని, మనకి వినపడని పాటకి తల ఊపే మొగుణ్ణి చూస్తే ఎవరికి మండదు? ఆయనకి విషయం బోధపడింది. ఇద్దరు వినడానికి వీలుగా రెండు హెడ్ ఫోన్లు తగిలించే ఏర్పాటు పెట్టించారు. పాట మధ్యలో మాట్లాడుకోవడానికి ఒక నారింజ రంగు మీట కూడా! కానీ చిత్రం ఏమిటంటే, జనం ఎవరిది వాళ్ళే కొనుక్కున్నారు. తర్వాతి నమూనాల్లో నెమ్మదిగా ఆ మీటా పోయింది, ఆ రెండో చెవీ పోయింది.

ఇదంతా తలపోసుకుంటూ శనివారం సాయంత్రం కుట్టుమిషను ముందు కూర్చున్నాను. పాత జాకెట్టు ముక్క ఒకటి తీశాను. ఫోను కన్న చుట్టూ అర అంగుళం ఎక్కువ ఉంచి కత్తిరించాను. చెమట తగలకుండా లోపల కడిగి ఆరబెట్టిన పాలప్యాకెట్టు కవరు అస్తరు వేశాను. ఇయర్ ఫోను తీగె బయటికి రావడానికి ఒక కాజా. నడుముకి కట్టుకోవడానికి పాత పైజమా నాడా. మా పెద్దమ్మ బొడ్లో దోపుకునే ఆకువక్క సంచీ గుర్తొచ్చి, తాళంచెవికీ రెండు పటికబెల్లం పలుకులకీ చిన్న అర కూడా పెట్టాను. వంటింటి త్రాసులో తూస్తే 28 గ్రాములు! ఖర్చు సున్న.

ఖాజాగూడ బండలంటే సామాన్యమా! ఇక్కడి గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళంటారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు మాదాపూరు చుట్టూ ఇలాంటి గుట్టలే. ఎన్నో పిండైపోయి పునాదుల్లోకి వెళ్ళిపోయాయి. మిగిలినవాటిని కాపాడాలని 1996 నుంచీ రాళ్ళ పరిరక్షణ సంఘం వారు పాటుపడుతూనే ఉన్నారు.

ఎక్కడం మొదలుపెట్టాం. రెండు చేతులూ ఖాళీ. సంచీ నడుముకి అంటిపెట్టుకుని కదలకుండా ఉంది. "అమ్మా, నాకూ ఒకటి కుట్టవూ?" అంది అమ్మాయి సగం కొండ దగ్గర.

"కుడతాను గాని, ముందు ఇది తీసుకో" అని ఇయర్ ఫోను ఒకటి దాని చెవిలో పెట్టాను, రెండోది నా చెవిలో. ఇద్దరికీ ఒక చెవి పాటకి, ఒక చెవి కొండకి. రెండు చెవులూ మూసుకుంటే వెనక రాయి దొర్లినా, పక్కన పాము కదిలినా తెలీదు. ఇది కొండెక్కేవాళ్ళంతా గుర్తుంచుకోవలసిన మాట.

తీగె జానెడు పొడుగే కాబట్టి అది ముందు ఉరకడానికి లేదు, నేను వెనకబడడానికి లేదు. నా అడుగుకి దాని అడుగు కలపాల్సిందే. వారమంతా ఒకే ఇంట్లో ఉండి పది మాటలు మాట్లాడుకోని మేం, ఆ జానెడు తీగె పుణ్యమా అని భుజం భుజం రాసుకుంటూ పైదాకా ఎక్కాం. పైనుంచి చూస్తే అద్దాల మేడలన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. ఏది దాని ఆఫీసో అది చూపించింది. మా అమ్మ రేడియోకి కుట్టిన ఆకుపచ్చ తొడుగు సంగతి నేను చెప్పాను.

"అమ్మమ్మ ఎప్పుడూ బయటికి తీసుకెళ్ళలేదా?" అంది.

"లేదే" అన్నాను.

కిందికి దిగాక ఇంకో సంచీ కత్తిరించాను. ఈసారి ఆకుపచ్చ గుడ్డ.