ఇమ్లీబన్ మీద రైలు



సాయంత్రం అమలాపురంలోనో రాజోలులోనో బస్సెక్కి, తెల్లవారేసరికి హైదరాబాదు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగే కుటుంబాలు మనలో చాలా ఉన్నవి. పిల్లల చదువుకో, ఆసుపత్రికో, వీసా పనికో వెళ్తాం. పక్కనే ఎత్తైన స్తంభాల మీద మెట్రో స్టేషన్ ఉంటుంది. ఎక్కి వెళ్ళిపోతాం. ఆ చోటు కథ కొంచెం చెప్పుకుందాం.

పాతవాళ్ళు దాన్ని ఇమ్లీబన్ అంటారు. మా ఉర్దూ క్లాసు పిల్లలు కూడా చెప్పగలరు: ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం. అది మూసీ నదిలోని లంక. లంక అంటే ఏమిటో, వరద అంటే ఏమిటో 1986 గోదావరి చూసిన మనకు ఒకరు చెప్పనక్కర లేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. చనిపోయినవారు సుమారు 15 వేలని చెబుతారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నిలువ నీడ లేనివారికి తన మహలు తలుపులు తెరిచారు. తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహా మీద నదికి ఎగువన ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయినవి. నది ఒడ్డునే పెద్దాసుపత్రి, హైకోర్టు లేచినవి.

1994లో లంక మీద బస్ స్టేషన్ వచ్చింది. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో నడిచినప్పుడు ఇక్కడి స్టేషన్ మొదలైంది. 2020 ఫిబ్రవరి 7న సికింద్రాబాదు జూబ్లీ బస్ స్టేషన్ నుంచి రెండవ లైను వచ్చి కలిసింది. ఆ లైను అసలు ప్లానులో ఫలక్‌నుమా దాకా ఉంది. కానీ నది దాటకుండా ఇక్కడే ఆగింది. చార్మినార్ వైపు ఇరుకు బజార్లు, దారిలోని పాత కట్టడాలు, ప్రార్థనా స్థలాలు అడ్డమని ఏళ్ళ తరబడి వాదన నడిచింది. చివరకు 2024 మార్చి 8న పాతబస్తీ లైనుకు శంకుస్థాపన జరిగింది.

2025 సెప్టెంబరు చివర మూసీ మళ్ళీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. ప్రయాణికులను బయటకు చేర్చవలసి వచ్చింది. రైలు పైన ఉంది కాబట్టి దానికి భయం లేదు; సంచులు పట్టుకుని కింద కూర్చున్న మనలాంటి ఊరివాళ్ళకే తడి. నగరం ఎంత ఎత్తుకు ఎదిగినా నదికి దాని దారి వదలాలి, కింద నిలబడ్డవాడిని మరువకూడదు.

ఈసారి వెళ్ళినప్పుడు ఒక గంట ఆగి, పిల్లలకు ఆ చింతచెట్టు చూపించండి. ఇదే మా మనవి.