మగ్గం నేర్చిన పరుగు

పాత మోటారుబండిని పావుమైలు పందెంలో దింపదలచినవారు వెంటనే కొత్త యంత్రం కోసం వెదకరు. పెట్రోలుతో గాలి కలిసే పాళ్ళు, నిప్పురవ్వ పుట్టే అదను, చక్రానికి నేలపై గల పట్టు సరిచూస్తారు. ఉన్న బండితోనే కొన్ని క్షణాలు మిగుల్చుకుంటారు. యంత్రాన్ని మార్చకుండా వేగం పెంచే ఈ విద్య మోటారుకంటె పాతది. ఆదోని, ఎమ్మిగనూరు సీమలో దానికి నిదర్శనం మగ్గం.

ఆదోని నల్లరేగడి పత్తికి పేరుపడ్డ విపణి. దానికి ఈశాన్యాన ఉన్న ఎమ్మిగనూరు నేతకు ప్రసిద్ధి. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదలిన దత్తమండలాలలో ఇదొక భాగం. చిరకాలం బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించగా కర్నూలు జిల్లాలో చేరింది.

పూర్వపు గుంటమగ్గంపై నేతగాడు నాడెను ఒక చేత విసరి రెండవ చేత అందుకొనేవాడు. ఆపైన అచ్చుపలకను లాగి పేకను బిగించేవాడు. బట్ట పన్నా అతని చేతుల చాపును మించడానికి వీలులేదు. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన పలకకు రెండు కొనలా చిన్న పెట్టెలు అమర్చి, నాడెను తన్నే దిమ్మెలను ఒక త్రాటితో కలిపాడు. త్రాడు గుంజితే నాడె ఈ పెట్టెనుండి ఆ పెట్టెకు పరుగెత్తుతుంది. రెండవ చేయి పలకకు దక్కుతుంది. మద్రాసు రాజధానిలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1906లో సేలంలో నేతశాల నెలకొల్పి ఈ పద్ధతికి ప్రచారం కల్పించాడు.

దీనివల్ల ఒరిగినదేమిటో లెక్క వేసి చూడవచ్చు. అంగుళానికి 40 పేకపోగులైతే గజానికి 1,440. ఆరుగజాల చీరకు 8,640 సార్లు నాడె పరుగెత్తాలి. ఒక్కొక్క పరుగులో అరసెకను మిగిలినా చీరకు 72 నిమిషాలు కలిసివస్తాయి.

అయితే త్రాడు కట్టినంత మాత్రాన పరుగు కుదరదు. పెట్టె వదులైతే నాడె వెనుకకు ఎగిరివస్తుంది. బిగువైతే మధ్యలో ఆగుతుంది. పడుగు పోగులు చక్కగా విడివడకపోతే నాడె దారి తప్పి బయటకు దూకుతుంది. పడుగుకు గంజి సమంగా అంటకపోతే పోగులు తెగి, మిగిలిన కాలమంతా ముడులు వేయడంలోనే పోతుంది. కనుక నేర్పరి మొదట మగ్గాన్ని సరిదిద్దుకొని, పిమ్మట చేతికి వేగం నేర్పుతాడు.

ఇంతకూ ఆ మిగిలిన నిమిషాలు ఎవరివి? నూలు అప్పుగా ఇచ్చి, బట్ట తానే కొనుక్కొనే షావుకారు కూలి తగ్గించితే, వేగం నేతగాని ఇంటికి చేరదు. నూలు దొరకకపోతే ఎంత చురుకైన మగ్గమైనా మూగబోతుంది. రెండవ ప్రపంచయుద్ధకాలపు నూలుకరువు ఈ సత్యాన్ని దేశమంతటా చాటింది. నూలు సమకూర్చడం, కూలి చెల్లించడం, బట్ట అమ్మిపెట్టడం ఒకే చోట జరిగేందుకు 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేతపనివారల సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది.

ఆ సంవత్సరమే కానుంగో సంఘం చేతిమగ్గాలను క్రమంగా మెరుగైన యంత్రపు మగ్గాలుగా మార్చాలని సూచించింది. 1955లో కార్వే సంఘం చేతిలో ఉన్న పని పోకుండా, మెరుగుదల మెల్లగా రావాలని అభిప్రాయపడింది. ఆ వాదన వెనుక లక్షల కుటుంబాల కూడు ఉన్నది.

పందెపు బండికి గడియారం ఒక్కటే న్యాయనిర్ణేత. మగ్గానికి గడియారంతోపాటు మరొక తూనిక ఉన్నది: నేసినవాని ఇంటి పొయ్యి. ఆ రెండూ ఒప్పుకొన్నప్పుడే అది అభివృద్ధి. ఎమ్మిగనూరు నేతచరిత్ర మనకు చెప్పేది ఇదే.