అమ్మమ్మ ఎంత దూరంలో ఉంది?

బెంగళూరు నుంచి హొసూరు రోడ్డు పట్టుకొని వస్తే ఎలక్ట్రానిక్ సిటీకి, బొమ్మసంద్రకు నడుమ హెబ్బగోడి తగులుతుంది. ఇక్కడి వఠారాల్లో ఒక్క కుళాయి దగ్గరే ఒడియా, హిందీ, కన్నడం, తెలుగు, తమిళం కలగలిసి వినిపిస్తాయి. పిల్లల పెంపకం మీద తీర్పులూ అక్కడే పుడతాయి. ఉత్తరాదివాళ్ళు పిల్లల్ని గాలికొదిలేస్తారని ఒకరంటే, ఆంధ్రావాళ్ళు కన్నబిడ్డల్ని ఊళ్ళో వదిలేసి జీతాలకు వస్తారని ఇంకొకరు. ‘వాళ్ళ పద్ధతే అంత’ అనేసి ఊరుకుంటారు. ఆ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందని తవ్వితే, చాలావరకు తేలేది ఒక్కటే: బిడ్డకు అమ్మమ్మ ఎంత దూరంలో ఉంది? ఆ దూరాన్ని మొదట పెళ్ళి కట్టుబాట్లు తేల్చాయి, తర్వాత ఫ్యాక్టరీలు తేల్చాయి.

ఒకప్పుడు హెబ్బగోడి ఉన్న ఈ ఆనేకల్ తాలూకా అంటే రాగిచేలు, చెరువులు, పట్టుమగ్గాలు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్న నేల ఇది. అత్తిబెలె దాటితే తమిళనాడే అయినా, హొసూరు వైపు సంబంధాలు కలుపుకోవడానికి ఆ సరిహద్దు అడ్డు కాలేదు. మేనత్త కొడుకునో, మేనమామ కొడుకునో, ఒక్కోసారి మేనమామనో చేసుకొనే ఆచారంలో అత్తిల్లు పరాయిది కాదు. పుట్టిల్లు పూట ప్రయాణంలో ఉండేది. తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన పిల్ల మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డనెత్తుకొని వెళ్ళేది. అన్నాళ్ళూ నూనె రాసి, చాచిన కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ వేయడం అమ్మమ్మ వంతు. ఆ తర్వాత రాగిసరి. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, నీడన ఆరబోసి, దోరగా వేయించి విసరాలి. ఆ పిండిని పలచటి గుడ్డలో జల్లిస్తే పొట్టంతా పైన నిలిచిపోయి, బిడ్డ గొంతుకు అడ్డుపడని మెత్తటి పిండి కిందికి దిగుతుంది. ఈ పనిలో కన్నడిగుల ఇంటికీ తెలుగువాళ్ళ ఇంటికీ తేడా వెతికినా దొరకదు.

మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే 1953లో మన దేశపు బంధుత్వాల మీద వెలువరించిన పుస్తకం ఉత్తరాది, దక్షిణాది పెళ్ళిళ్ళ తేడాను విడమరిచి చూపింది. ఉత్తరాదిలో చాలా కులాల్లో దగ్గరి చుట్టరికం, సొంత ఊరు రెండూ నిషిద్ధం. కూతురింట మంచినీళ్ళు కూడా ముట్టని తండ్రులున్న చోట, అమ్మమ్మ వచ్చి నెలల తరబడి మకాం వేయడం కుదిరే పని కాదు. బిడ్డ పెంపకం అత్తగారిది, తోడికోడళ్ళది. 1983లో పరిశోధకులు టిమ్ డైసన్, మిక్ మూర్ ఇదే తేడాను ఆడవాళ్ళ స్వతంత్రతతోనూ, పసిపిల్లల మరణాలతోనూ ముడిపెట్టి చూశారు. ఇది మేనరికాలను మెచ్చుకోవడానికి చెప్పడం లేదు. వాటివల్ల బిడ్డలకు వచ్చే జబ్బుల సంగతి తెలిసిందే.

1970ల చివర కర్ణాటక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ కియోనిక్స్ అధ్యక్షుడు ఆర్.కె. బాళిగ తలపెట్టిన ఎలక్ట్రానిక్ సిటీ, ఆ వెనకే ఎదిగిన బొమ్మసంద్ర పారిశ్రామికవాడ ఈ దూరాల లెక్కను తారుమారు చేశాయి. రాగిచేలల్లో షెడ్లు లేచాయి, షెడ్ల పక్కన అద్దె గదులు లేచాయి. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి కుట్టుపనికి వచ్చిన తల్లికి ఊరు రాత్రి బస్సు దూరం. బిడ్డను అమ్మమ్మ దగ్గర దించి, పండక్కి వెళ్ళి చూసుకోగలదు. ఒడిశా నుంచో బీహారు నుంచో వచ్చినామెకు ఆ వీలు లేదు. బిడ్డ వెంట రావాల్సిందే, షిఫ్టు వేళకు ఎనిమిదేళ్ళ అక్క చంకెక్కాల్సిందే. కుళాయి దగ్గర ఈ రెండిట్లో ఒకదానికి కఠినత్వమని, రెండోదానికి నిర్లక్ష్యమని పేరు పెడతారు. రెండూ ఒకే జీతం, ఒకే షిఫ్టు తెచ్చిపెట్టినవి. ముప్పైమందికి పైగా ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు శిశుగృహం ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం, 1976 సవరణ తర్వాత, చెప్పింది. అది ఉన్నా, కిక్కిరిసిన బస్సులో పసిబిడ్డను అక్కడిదాకా చేర్చేదెవరు?

2016 ఏప్రిల్‌లో ఈ రోడ్డు మీద జరిగింది కూడా ఈ కథలో భాగమే. పీఎఫ్‌లో యజమాని వాటాను 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోకూడదన్న కొత్త నిబంధన మీద వేలమంది గార్మెంట్ కార్మికులు, అందులో ఎక్కువమంది ఆడవాళ్ళు, హొసూరు రోడ్డును స్తంభింపజేశారు. హెబ్బగోడి పోలీసు స్టేషన్ దగ్గర వాహనాలు తగలబడ్డాయి. కేంద్రం నిబంధనను వెనక్కి తీసుకుంది. పత్రికలు దాన్ని శాంతిభద్రతల వార్తగానే ఎక్కువ చూశాయి. కానీ పీఎఫ్ డబ్బంటే ఆ ఆడవాళ్ళకు ముసలితనపు ఆసరా ఒక్కటే కాదు. బడి ఫీజు, ఆస్పత్రి ఖర్చు, ఉద్యోగం మాని ఇంట్లో ఉండాల్సిన నెలల తిండి. ఏ భాష తల్లికైనా ఆ లెక్క ఒకటే.

దూరంతోనే అంతా తేలిపోతే, అమెరికాలోని తెలుగువాళ్ళ సంగతేమిటని అడగొచ్చు. సముద్రాలు దాటినా కాన్పుకు అమ్మను విజిటర్ వీసా మీద ఆరు నెలలకు రప్పించుకొంటారు, ఆమె తిరుగు విమానం ఎక్కేసరికి అత్తగారిని దించుతారు. ఒప్పుకోవాల్సిందే: కష్టంలో ముందు ఎవరిని పిలవాలో ఆచారమే చెబుతుంది. పిలిస్తే ఆమె రాగలదా అన్నది టికెట్టు డబ్బు, వీసా, ఊళ్ళో ఆమె చేసే కూలిపని చెబుతాయి. ఇంకో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. అమ్మానాన్నలిద్దరూ ఇంట్లోనే ఉన్నా, పదో తరగతి కాగానే పిల్లల్ని హాస్టల్లో పడేసే తెలుగు అలవాటు దూరానికి లొంగదు కదా? నిజమే, కానీ దాన్ని సంస్కృతి అనడానికి వయసు చాలదు. 1980ల మధ్యలో మొదలైన ఎంసెట్, దాని వెనక ఇంజనీరింగ్ సీట్లు, వాటి వెనక బెంగళూరు, హైదరాబాదు ఉద్యోగాలు కలిసి దాన్ని తయారుచేశాయి. ఈ తల్లిదండ్రుల తాతలకు అలాంటి పద్ధతి ఉన్నట్టే తెలియదు. ఒక్క తరంలో పుట్టిన అలవాటును అనాదిగా వస్తున్న స్వభావమని నమ్మేయడం మనకు పరిపాటి.

చట్టం కూడా కదిలింది: 2017లో ప్రసూతి సెలవు పన్నెండు వారాల నుంచి ఇరవైయారు వారాలకు పెరిగింది. యాభైమంది ఉద్యోగులున్న సంస్థ శిశుగృహం ఏర్పాటు చేయాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ చట్టంలో చేరింది. పుట్టింట్లో ఐదో నెలదాకా ఉండే పాత ఆచారానికి ఈ సెలవు ఇంచుమించు సరిపోతుంది. ఇంటింటా అంట్లు తోమే ఆమెకు ఇందులో ఏదీ వర్తించదు. పది మిషన్ల చిన్న షెడ్డులో దారాలు కత్తిరించే ఆమెకు శిశుగృహం దక్కదు, సెలవు కాగితం మీదే ఉంటుంది.